గేమ్ నడవలేదా? ముందు గడువు చూసుకోండి!

రూ.1,499 పెట్టి ఓ కంప్యూటర్ గేమ్ కొన్నారనుకుందాం. రోజుకింత డేటా చొప్పున మూడు రాత్రులు కూర్చొని డౌన్‌లోడ్ చేశారు. తీరా తెరిస్తే నల్లటి తెర. మళ్లీ తెరిస్తే ఏదో ఎర్రర్ సందేశం. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశారు, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశారు, రూమ్మేట్‌ను అడిగారు. ఏం చేసినా గేమ్ కదల్లేదు. అప్పుడు మనలో చాలామంది అనే మాట ఒకటే... ‘పోనీ లేప్పా, వాళ్లతో ఎవరు పోట్లాడేది?’

ఆ మాట అన్నారంటే డబ్బు వదులుకున్నట్లే. నిజానికి గేములమ్మే పెద్ద ఆన్‌లైన్ స్టోర్లు చాలావరకు డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు పెట్టుకున్నాయి. దానికో గడువుంది, అడిగే పద్ధతుంది. గడువులోగా, ఆధారంతో అడిగినవాళ్లకు చాలావరకు డబ్బు వస్తుంది. మొహమాటపడి కూర్చున్నవాళ్లకు రాదు.

‘పదిహేను వందలకు ఇంత రాద్ధాంతమా?’ అనుకోకండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి రూ.307. అంటే ఆ గేమ్ ధర దాదాపు ఐదు రోజుల కూలి. జొన్నగిరిలోనో, ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లోనో అమ్మానాన్న ఎండలో పనిచేసి పంపిన డబ్బు అది కావచ్చు. మీరు పార్ట్‌టైమ్ చేసి దాచుకున్నదీ కావచ్చు. ఎవరి డబ్బయినా, పనిచేయని సరుకుకు వదిలేయాల్సిన అవసరం లేదు.

ఇంకో ఇబ్బందీ ఉంది. ఇంట్లో చెబితే ‘ఉద్యోగం చూసుకోమంటే గేములు కొంటున్నావా?’ అని తిడతారని భయం. అందుకే చాలామంది ఈ సంగతి ఎవరికీ చెప్పరు. తిట్లు ఒక రోజుతో పోతాయి. గడువు మాత్రం దాటితే మళ్లీ రాదు.

చూసి కొనే అలవాటు మనదే

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాటును చేత్తో పట్టి చూడకుండా ఎవరైనా ధర వేస్తారా? తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం జనం వెతుకుతారు. అక్కడ దొరికిన రాయినైనా వ్యాపారి వెలుగులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాకే బేరం మొదలుపెడతాడు. సరుకు చూడటం ముందు, డబ్బు ఇవ్వడం తర్వాత.

డౌన్‌లోడ్ గేముల్లో ఇది తిరగబడింది. డబ్బు ముందు కట్టాలి, సరుకు తర్వాత చూడాలి. మన ల్యాప్‌టాప్‌లో అది నడుస్తుందో లేదో తెలిసేది డబ్బు కట్టి, దించుకున్న తర్వాతే. అందుకే స్టోర్లు కొన్ని రోజుల రిఫండ్ గడువు ఇస్తాయి. పత్తి లాటును పట్టి చూసే సమయం లాంటిదే అది. దాన్ని వాడుకోవడం కొనుగోలులో భాగమే. ఎవరినో దేబిరించినట్లు కాదు.

తప్పు గేమ్‌దా, ల్యాప్‌టాప్‌దా?

రిఫండ్ అడిగే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. గేమ్ అమ్మకం పేజీలో సాధారణంగా ‘కనీస అవసరాలు’, ‘సిఫార్సు చేసిన అవసరాలు’ అని రెండు పట్టికలుంటాయి. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, విండోస్ వెర్షన్, హార్డ్ డిస్కులో ఖాళీ జాగా... అన్నీ అందులో రాసి ఉంటాయి. కనీస పట్టికకు సరిపోతే గేమ్ తెరుచుకుంటుందని మాత్రమే అర్థం. సాఫీగా ఆడాలంటే రెండో పట్టిక చూసుకోవాలి.

మన విద్యార్థుల దగ్గరుండే ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా కోడింగ్ కోసం, ప్రాజెక్టు రిపోర్టుల కోసం కొన్నవి. వాటిలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. ర్యామ్ 8 జీబీ అని రాసి ఉన్నా అందులో కొంత గ్రాఫిక్స్‌కే పోతుంది. కొత్త పెద్ద గేములు చాలావరకు వీటి మీద మొరాయిస్తాయి. పాత విండోస్ ఉన్నా చిక్కే. విండోస్ 7, 8లకు స్టీమ్ సంస్థ 2024 జనవరి 1 నుంచి మద్దతు ఆపేసింది.

మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. విండోస్ బటన్, ‘ఆర్’ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘డీఎక్స్‌డయాగ్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే చాలు. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ వివరాలన్నీ ఒకేచోట వస్తాయి. ఆ తెరను ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఏ గేమ్ కొనేముందైనా పట్టికతో పోల్చుకోవచ్చు. రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా అదే మీ మొదటి సాక్ష్యం.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే... మీ ల్యాప్‌టాప్ సరిపోకపోయినా సరే, గడువులోగా అడిగితే డబ్బిచ్చే స్టోర్లున్నాయి. అది వాళ్లు పెట్టుకున్న నియమం. చట్టం దగ్గరకు వచ్చేసరికి మాత్రం సరుకులో లోపం ఉందనో, ప్రకటించినట్లు లేదనో మీరు చూపించాలి. పట్టికలో 16 జీబీ ర్యామ్ కావాలని స్పష్టంగా రాసి ఉంటే, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో నడవలేదని కమిషన్ ముందుకెళ్లి లాభం లేదు. అలాంటప్పుడు స్టోర్ గడువే మీకున్న ఒకే దారి.

ఏ స్టోర్‌లో ఎన్ని రోజులు?

స్టీమ్: కంప్యూటర్ గేముల్లో ఎక్కువమంది వాడేది ఇదే. 2015 జూన్‌లో రిఫండ్ పద్ధతి తెచ్చింది. కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలలోపు ఉండాలి. ఈ రెండూ ఉంటే కారణం ఏదైనా సరే, డబ్బు తిరిగి ఇస్తామన్నది దాని నియమం. దరఖాస్తును ఆమోదించాక వారంలోపు డబ్బు పంపుతుంది. మీరు కట్టిన మార్గంలో వెనక్కి పంపడం కుదరకపోతే స్టీమ్ వాలెట్‌లో వేస్తుంది. గడువు కాస్త దాటినా అడగొచ్చు, పరిశీలిస్తామంటారు. కానీ హామీ లేదు.

ఎపిక్ గేమ్స్: ఇక్కడా 14 రోజులు, 2 గంటలే. అయితే కొన్నింటి మీద రిఫండ్ లేదని ముందే రాసి ఉంటుంది. కొనేముందు ఆ ముక్క చూసుకోవాలి.

గాగ్: అన్నింటికంటే ఉదారంగా ఉన్నది ఇదే. 2020 ఫిబ్రవరి నుంచి 30 రోజుల గడువు ఇస్తోంది. గేమ్ దించుకున్నా, తెరిచి ఆడినా అడగొచ్చు.

ప్లేస్టేషన్ స్టోర్: 14 రోజులు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టాక మామూలుగా ఇవ్వరు. గేమ్‌లోనే లోపం ఉంటే లెక్క వేరు.

గూగుల్ ప్లే: ఫోన్ గేములకు తొలి 48 గంటలే కీలకం. ఆ లోపు గూగుల్‌నే అడగొచ్చు. దాటితే గేమ్ తయారుచేసిన సంస్థను అడుక్కోవాల్సి వస్తుంది.

ఈ నియమాలు మారుతుంటాయి. కొనే రోజున స్టోర్ పేజీలో మరోసారి చదువుకోవడం మంచిది. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి కదా... వాటిలో ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి. ఈ కంపెనీల షరతులు చదువుతుంటే అదే గుర్తొస్తుంది. అయినా మొత్తం చదవక్కర్లేదు. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, డబ్బు ఎక్కడికొస్తుంది... ఈ మూడూ వెతికి పట్టుకుంటే చాలు.

రెండు గంటలు ఎక్కడ పోతాయంటే...

మంచి కారణం ఉండి కూడా రిఫండ్ పోగొట్టుకునేది ఎక్కువగా రెండు చోట్ల.

మొదటిది ఆట సమయం. మీరు ఆడకపోయినా సరే, గేమ్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతసేపూ స్టీమ్ దాన్ని ఆడిన సమయంగానే లెక్కేస్తుంది. నల్లటి తెర చూస్తూ సెట్టింగులు మార్చిన అరగంట, లాంచర్ అలా తెరిచిపెట్టి భోజనానికి వెళ్లిన ముప్పావుగంట, మొదటిసారి తెరిచినప్పుడు ఏవో ఫైళ్లు సిద్ధమవుతున్నాయని ఆగిన ఇరవై నిమిషాలు... అన్నీ అందులోకే వస్తాయి. బాగుచేద్దామని తంటాలు పడుతూనే రెండు గంటలు దాటించేస్తారు. కాబట్టి ప్రయత్నాలకు ఒక గంట పెట్టుకోండి. పరిష్కారం వెతికేటప్పుడు గేమ్ మూసేయండి. గంటలో తేలకపోతే అప్పుడే రిఫండ్ అడిగేయండి. సమస్య తీరాక కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చు.

రెండోది పరీక్షలు. సేల్‌లో సగం ధరకు వస్తోందని డిసెంబరులో కొంటారు. సెమిస్టర్ అయ్యాక ఆడదామని పక్కన పెడతారు. 14 రోజుల లెక్క కొన్న రోజు నుంచే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి కాదు. పరీక్షలైపోయి తెరిచేసరికి గడువూ అయిపోయి ఉంటుంది. కొన్న రోజే ఒకసారి దించి, పది నిమిషాలు తెరిచి చూసి, అప్పుడు పుస్తకం పట్టుకోండి.

ఎలా అడగాలి?

‘గేమ్ వర్క్ అవ్వట్లే, మనీ రిటర్న్ చేయండి’ అని రాస్తే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. తిట్టినా పని జరగదు. వాళ్లు మళ్లీ ప్రశ్నలు పంపుతారు, మీరు మళ్లీ జవాబివ్వాలి, ఈలోగా రోజులు గడుస్తాయి. మొదటి ఉత్తరంలోనే అన్నీ ఉండాలి.

ముందు ఈ నాలుగూ పోగు చేసుకోండి. కొన్న రసీదు లేదా ఆర్డర్ నంబరు. యూపీఐలో కట్టి ఉంటే లావాదేవీ నంబరు. ఎర్రర్ సందేశం స్క్రీన్‌షాట్, వీలైతే ఫోన్‌తో తీసిన అర నిమిషం వీడియో. మీ కంప్యూటర్ వివరాల తెర. గేమ్ అమ్మకం పేజీని కూడా అదే రోజు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వాళ్లు తర్వాత పట్టిక మార్చినా మీ దగ్గర పాతది ఉంటుంది.

తర్వాత స్టోర్ ‘హెల్ప్’ లేదా ‘సపోర్ట్’ పేజీలో మీ కొనుగోలును ఎంచుకుని రిఫండ్ కోరండి. వివరం రాసే చోట ఇలా రాయొచ్చు:

‘ఆర్డర్ నంబరు ఫలానా. ఈ గేమ్‌ను 4వ తేదీన కొన్నాను, 5న ఇన్‌స్టాల్ చేశాను. తెరిచిన ప్రతిసారీ లోగో కనిపించాక మూసుకుపోతోంది. తెర మీద ఈ ఎర్రర్ కోడ్ వస్తోంది. నా కంప్యూటర్ వివరాలు జత చేశాను, మీ పేజీలోని కనీస అవసరాలకు అవి సరిపోతాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాను, గేమ్ ఫైళ్లు సరిచూశాను, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఫలితం లేదు. మొత్తం ఆట సమయం 25 నిమిషాలు. నేను కట్టిన పూర్తి మొత్తాన్ని తిరిగి చెల్లించగలరు.’

ఇంతే. కోపం లేదు, బతిమాలడం లేదు. ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే ఇవే వాక్యాలను చిన్నచిన్నగా రాయండి. గ్రామర్ కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. తేదీలు, నంబర్లు సరిగ్గా ఉండాలి. ల్యాప్‌టాప్ కనీస అవసరాలకు సరిపోకపోతే ఆ వాక్యం తీసేసి, ‘నా కంప్యూటర్‌కు ఇది సరిపోవడం లేదు, గడువులోగా అడుగుతున్నాను’ అని ఉన్నదున్నట్లు రాయండి. అబద్ధం రాయాల్సిన అవసరమే లేదు.

ఒక్క జాగ్రత్త. స్టోర్ జవాబు ఇవ్వకముందే బ్యాంకుకు వెళ్లి ఆ చెల్లింపును రద్దు చేయించే ప్రయత్నం చేయకండి. స్టోర్ మీ ఖాతానే స్తంభింపజేస్తే అందులోని మిగతా గేములు కూడా అందవు. ముందు స్టోర్, తర్వాతే మిగతా దారులు.

స్టోర్ కాదంటే... చట్టం ఉంది

సాఫ్ట్‌వేర్ చేత్తో పట్టుకునే వస్తువు కాదు కదా, దానికి వినియోగదారు హక్కులేంటి అన్న అనుమానం రావచ్చు. సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసు అది. 2004 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. డిస్కులో పెట్టి అందరికీ అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే, దానికి అమ్మకపు పన్ను వర్తిస్తుందన్నది ఆ తీర్పు. పన్ను గురించి వచ్చిన తీర్పే అయినా, కంటికి కనిపించని కోడ్‌ను సరుకు కాదని తోసేయలేమని అది తేల్చింది.

ఇప్పుడు అంత దూరం వెళ్లి వాదించక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్నవారూ వినియోగదారులేనని అందులో స్పష్టంగా ఉంది. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. కంపెనీ ఆఫీసు విదేశంలో ఉన్నా, మన దేశంలోని వారికి క్రమం తప్పకుండా అమ్ముతుంటే ఈ నియమాలు పాటించాల్సిందే. ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి. నెలలోపు పరిష్కరించాలి. సరుకులో లోపం ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా డబ్బు వెనక్కివ్వనని అమ్మకందారు అనకూడదు.

కాబట్టి స్టోర్ నుంచి ‘కుదరదు’ అని వస్తే రెండో ఉత్తరం ఫిర్యాదుల అధికారికి వెళ్లాలి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కోర్టులా ఆదేశం ఇవ్వలేరు. మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు రాబడతారు. చాలా చిన్న గొడవలు అక్కడే తేలిపోతాయి.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ బెంగళూరులో ఉన్నా, అమెరికాలో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేయొచ్చన్నది 2019 చట్టం తెచ్చిన పెద్ద వెసులుబాటు. జొన్నగిరి వాళ్లయినా, ఎమ్మిగనూరు వాళ్లయినా కర్నూలులోని జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. పదిహేను వందల కోసం ఇంత దూరం వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం, వాయిదాలకు సమయం పడుతుంది. కానీ ఆ దారి ఉందని తెలిసి రాసే ఉత్తరానికి, తెలియక రాసే ఉత్తరానికి తేడా ఉంటుంది.

అడిగితేనే మారింది

స్టోర్లు రిఫండ్ ఇస్తున్నాయంటే ఊరికే ఇవ్వట్లేదు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ మీద 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ కేసు వేసింది. మేం అమెరికా కంపెనీ, మీ చట్టం మాకు వర్తించదని వాల్వ్ వాదించింది. 2016లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. మా దేశం వాళ్లకు అమ్మితే మా చట్టం పాటించాల్సిందేనంటూ 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. 2018లో అక్కడి హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, వాల్వ్ అప్పీలు వినడానికి అనుమతి ఇవ్వలేదు.

సైబర్‌పంక్ 2077 సంగతీ అంతే. ప్రపంచమంతా ఏళ్ల తరబడి ఎదురుచూసిన గేమ్ అది. 2020 డిసెంబరు 10న విడుదలైంది. పాత ప్లేస్టేషన్‌లలో ఆగుతూ, కూలుతూ నడిచింది. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి, కొన్నవాళ్లకు పూర్తి డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ స్టోర్లోకి రావడానికి 2021 జూన్ దాకా పట్టింది. అంత పెద్ద కంపెనీని కదిలించింది కొన్నవాళ్లు ఎవరికివారు పంపిన ఫిర్యాదులే.

ఇక్కడ మాత్రం డబ్బు రాదు

ఏ రిఫండ్ నియమమూ కాపాడలేని కొనుగోళ్లు కొన్నున్నాయి. రూ.1,499 గేమ్‌ను రూ.150కే ఇస్తామంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘షేర్డ్ అకౌంట్’ అమ్ముతారు. పాస్‌వర్డ్ పదిమందికి ఇచ్చి ఉంటారు. రేపు లాగిన్ కాకపోతే అడగడానికి మనిషే ఉండడు. బయటి వెబ్‌సైట్లలో కొన్న ‘కీ’లకూ స్టీమ్ రిఫండ్ ఇవ్వదు, కొన్నచోటే అడగాలి. పైరసీ కాపీకి రసీదే లేదు. పైగా దాంతోపాటు వైరస్ వస్తే ప్రాజెక్టు ఫైళ్లు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు రెండూ ప్రమాదంలో పడతాయి. గేమ్‌లో మోసపు ప్రోగ్రాములు వాడి నిషేధానికి గురైనా రిఫండ్ హక్కు పోతుంది.

డబ్బు కట్ అయి ఆర్డర్ మాత్రం పడకపోతే అది గేమ్ సమస్య కాదు, చెల్లింపు సమస్య. యూపీఐలో అలా జరిగితే లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2019లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దీనికి బ్యాంకునే అడగాలి.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం రిఫండ్ పేరుతోనే వస్తుంది. ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికి, ముందు కనిపించిన నంబరుకు ఫోన్ చేస్తారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఒక యాప్ వేసుకోమంటాడు, తెర చూపించమంటాడు, ‘రిఫండ్ కోసం యూపీఐ పిన్ కొట్టండి’ అంటాడు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్లే. స్టోర్ సొంత యాప్ లేదా వెబ్‌సైట్‌లోని సపోర్ట్ పేజీ దాటి బయటికి పోకండి. పొరపాటున మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఆడేసి అడగొద్దు

రెండు గంటల్లో పూర్తయ్యే చిన్న గేములుంటాయి. వాటిని ఆడేసి, ముగించి, ‘నడవలేదు’ అని డబ్బు వెనక్కి తీసుకోవడం కొందరికి అలవాటు. అలాంటి గేములు చేసేది చాలాసార్లు ఒకరిద్దరు కుర్రాళ్లే. రేపు మీలో ఒకరు అలాంటి గేమ్ చేసి అమ్ముకోవచ్చు. పదేపదే ఇలా చేసేవారికి రిఫండ్ సౌకర్యమే ఆపేస్తామని స్టీమ్ నియమాల్లోనే ఉంది. నిజంగా నడవనప్పుడు మీ మాటకు విలువ ఉండాలంటే ఉత్తప్పుడు దాన్ని వాడుకోకూడదు.

ఉద్యోగ వేటలోనూ ఇదే పద్ధతి

ఇది కెరియర్ పేజీ కదా, గేముల గోలేంటని అడగొచ్చు. పైన రాసిన ఫిర్యాదు ఉత్తరం మళ్లీ ఒకసారి చదవండి. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ యంత్రం మీద, ఏమేం ప్రయత్నించాను... సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో రోజూ రాసే బగ్ రిపోర్టు అచ్చంగా ఇదే. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగమైతే అవతలి కుర్చీలో కూర్చొని ఇలాంటి ఉత్తరాలే చదవాలి. టెస్టింగ్ ఇంటర్వ్యూలో ‘ఒక లోపాన్ని ఎలా రిపోర్ట్ చేస్తావు?’ అని అడిగితే పుస్తకంలోని నిర్వచనం కన్నా, మీరు నిజంగా రాసిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు చెబితే వినేవాళ్లకు మీ పని తెలుస్తుంది.

అంతకన్నా పెద్ద అవసరం ఇంకోటుంది. ఉద్యోగం వెతికే ఏడాదిలో మీరు గేముల కన్నా చాలా పెద్ద మొత్తాలు ఆన్‌లైన్‌లో కడతారు. ఆన్‌లైన్ కోర్సు, కోచింగ్, టెస్ట్ సిరీస్, సర్టిఫికెట్... అక్కడ పోయేది పదిహేను వందలు కాదు, పదిహేను వేలు, యాభై వేలు. అక్కడా ముందు కట్టడం, తర్వాత చూడటమే. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని ప్రకటించి క్లాసులు సగంలో ఆపేస్తే అడగాల్సిన తీరూ ఇదే. ఉద్యోగం గ్యారంటీ, ఎంపిక గ్యారంటీ అంటూ కోచింగ్ సంస్థలు తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టిన రోజే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నవాళ్లకే ఆ మార్గదర్శకాలు అక్కరకొస్తాయి.

మనకు అడగడం నేర్పినవాళ్లు తక్కువ. ఆఫీసుకెళ్తే గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరైనా పలకరిస్తారేమోనని చూడటం మన ఊళ్ల అలవాటు. దరఖాస్తు ఎవరితోనో రాయించుకున్న తరం మన ముందుది. మీరు డిగ్రీ చదివారు, మీ చేతిలో ఫోనుంది, నియమాలు చదవగలరు. చిన్న మొత్తం దగ్గర అడగడం నేర్చుకుంటే, జీతం స్లిప్పులో తప్పు పడ్డ రోజునా, హాస్టల్ డిపాజిట్ ఇవ్వనన్న రోజునా గొంతు వణక్కుండా అడగగలరు.

గుర్తుంచుకోండి

• కొనేముందు కనీస అవసరాల పట్టికను మీ ల్యాప్‌టాప్‌తో పోల్చండి. పేజీ స్క్రీన్‌షాట్ తీయండి.

• కొన్న రోజే తెరిచి చూడండి. బాగుచేసే ప్రయత్నాలకు ఒక గంట మించి ఇవ్వకండి.

• తేదీ, ఆర్డర్ నంబరు, ఎర్రర్, కంప్యూటర్ వివరాలు, చేసిన ప్రయత్నాలు... అన్నీ ఒకే ఉత్తరంలో రాయండి.

• స్టోర్, ఫిర్యాదుల అధికారి, 1915, జిల్లా కమిషన్... ఈ వరుసలోనే వెళ్లండి.

• రిఫండ్ కోసం ఎవరికీ పిన్, ఓటీపీ చెప్పకండి. మోసం జరిగితే 1930.

ఇప్పుడు మీ ఫోన్లో కొనుగోళ్ల జాబితా ఒకసారి తెరవండి. ఈ రెండు వారాల్లో డబ్బు కట్టి, పనిచేయక పక్కన పడేసింది ఏదైనా ఉందా? ఉంటే గడువు ఇంకా మిగిలే ఉండొచ్చు. ఈ రాత్రే ఆ ఉత్తరం రాసి పంపండి.